పాత ఫైర్‌ప్లేస్ ఉన్న పడకగదిని సర్దుకోవడం ఎలా: మసి దులపడం నుంచి అద్దం తగిలించేదాకా

పాత ఇంట్లో పడకగది తలుపు తీయగానే ఎదురుగా ఇనప ఫైర్‌ప్లేస్ కనబడితే మొదట సంబరం, కాసేపటికి టెన్షన్. దానిమీద నాలుగు పూతల రంగు, నోటికి అడ్డంగా ఒక చెక్క, లోపల ఏముందో తెలీదు. చాలామంది చేసే పని దానికి అడ్డంగా బీరువా జరిపేయడం. ఇంకొందరు దాన్ని చూసి మురిసిపోయి గదినంతా మ్యూజియంలా నింపేస్తారు. రెండూ వద్దంటాను. ఇలాంటి గదికి అలంకరణ సగం ముందే అయిపోయింది. మీరు చేయాల్సింది దాన్ని శుభ్రం చేసి, దానితో పోటీ పడే వస్తువుల్ని దూరం పెట్టడమే.

కింద చెప్పిన వరసలోనే పని చేయండి. రంగులు, కర్టెన్లు ముందు కొనేసి మసి తర్వాత దులిపితే ఏమవుతుందో నాకు అనుభవమే. చిమ్నీ సంగతి తేల్చకుండా తెల్ల దుప్పటి పరిచాను. ఆ రాత్రి గాలివాన. పొద్దున లేచేసరికి దుప్పటి మీద నల్లటి చుక్కలు.

1. మండిస్తారా, మండించరా?

అన్నిటికంటే ముందు ఇది తేలాలి. రగ్గు ఎక్కడ వేయాలి, మాంటెల్ (ఫైర్‌ప్లేస్ పైన ఉండే అర) మీద ఏం పెట్టాలి, చిమ్నీ మూయాలా వద్దా, అన్నీ దీనిమీదే ఆధారపడి ఉంటాయి.

బ్రిటన్‌లో విక్టోరియా రాణి కాలంలో (1837–1901) కట్టిన ఇళ్లలో పడకగది ఫైర్‌ప్లేస్ హాల్లో ఉన్నదానికంటే బాగా చిన్నగా ఉంటుంది. మధ్యతరగతి ఇళ్లలో దాన్ని రోజూ వెలిగించేవారు కాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు, కాన్పు సమయంలో వెలిగించేవారు. మిగతా రోజుల్లో అది గదికి గాలి ఆడే దారి. కాబట్టి దాన్ని మండించకుండా ఉంచితే చరిత్రకు ద్రోహం చేసినట్టేమీ కాదు.

నా సలహా అడిగితే పడకగదిలో మంట వద్దనే చెబుతాను. పొగదారి సరిగా లేకపోతే గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మెలకువగా ఉన్నవాళ్లకు కనీసం తలనొప్పి, వికారం వస్తాయి, లేచి బయటికి వెళ్తారు. నిద్రలో ఉన్నవాళ్లకు ఆ అవకాశం కూడా ఉండదు.

అయినా మండించాలనే ఉంటే ఈ పనులు తప్పవు. చిమ్నీ శుభ్రం చేసే మనిషిని పిలిపించి లోపలి గొట్టం పగుళ్లు లేకుండా ఉందో లేదో చూపించాలి. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించాలి. కట్టెల్లో తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలి. పచ్చికట్టె కాలిస్తే జిగురు మసి గొట్టానికి అంటుకుని, ఒకరోజు అదే మండుతుంది. బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు రోజుల తరబడి ఉండొచ్చు, అందుకని మూత ఉన్న ఇనప బకెట్‌లోకే ఎత్తాలి. అమెరికాలో ఇళ్ల నిర్మాణ కోడ్ ప్రకారం 6 చదరపు అడుగుల లోపు నోరున్న ఫైర్‌ప్లేస్‌కి ముందు 16 అంగుళాలు, పక్కలకి 8 అంగుళాలు నేల మీద కాలని పలక ఉండాలి. మంట నోటికి 6 అంగుళాల లోపల చెక్క ఉండకూడదు. మీ దేశంలో కొలతలు వేరుగా ఉండొచ్చు, స్థానిక నియమం కనుక్కోండి. చాలా పాత ఫైర్‌ప్లేస్‌ల ముందున్న పలక ఈ కొలతలకు చాలదు.

2. చిమ్నీలోకి టార్చి వేసి చూడండి

అడ్డంగా కొట్టిన చెక్కో అట్టో ఉంటే తీయాలి. అది బూడిదరంగు సిమెంట్ అట్టలా ఉంటే మాత్రం విరగ్గొట్టకండి, డ్రిల్ చేయకండి. పాతకాలంలో ఇలా మూయడానికి ఆస్బెస్టాస్ రేకులు కూడా వాడారు. ముందు పరీక్ష చేయించండి.

మూత తీయగానే మసి, రాలిన సున్నం, పక్షిగూళ్ల పుల్లలు బక్కెట్లకు బక్కెట్లు వస్తాయి. నేల మీద మందపాటి గుడ్డ పరిచి, తలుపు మూసి, మాస్క్ పెట్టుకుని మొదలెట్టండి. మామూలు వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు. సన్నటి మసి దాని ఫిల్టర్‌లోంచి వెనక నుంచి గదంతా చిమ్ముతుంది. ముందు తడి చిలకరించి చేట్లోకి ఎత్తండి. పైన పక్షులు గూడు కట్టుకుని ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే. చాలా దేశాల్లో ఆ గూళ్లు కదపడం నేరం కూడా.

టార్చి వేసి పైకి చూస్తే కొన్నిటిలో పొగదారికి అడ్డంగా ఒక ఇనప రేకు కనిపిస్తుంది. అదే డాంపర్. తుప్పు పట్టి బిగుసుకుంటే నూనె చుక్కలు వేసి ఒకరోజు వదిలేసి, మెల్లగా కదపండి. సుత్తితో కొడితే పోత ఇనుము గాజులా పగులుతుంది.

తర్వాత ఒక అగరొత్తి వెలిగించి ఫైర్‌ప్లేస్ నోటి దగ్గర పట్టుకోండి. పొగ జివ్వున పైకి పోతే మీ గదిలోని వెచ్చటి గాలి కూడా రోజూ అలాగే పోతోందన్నమాట. మండించని ఫైర్‌ప్లేస్‌లో దీనికి మందు గొట్టంలో ఇరికించే గాలి సంచి, లేదా గొర్రె ఉన్నితో చేసిన అడ్డు. అయితే పూర్తిగా గాలి చొరకుండా సిమెంట్‌తో మూసేయకండి. గాలి ఆడని చిమ్నీలో చెమ్మ పేరుకుంటుంది. ఏళ్ల తరబడి మంట వేసిన గొట్టం లోపల మసితో పాటు లవణాలు చేరి ఉంటాయి. అవి తేమను పీల్చుకుని గోడ మీద పసుపు, గోధుమరంగు మరకలుగా బయటపడతాయి. ఎన్ని పూతలు వేసినా ఆ మరకలు మళ్లీ వస్తాయి. కింద కొంచెం సందు వదలండి, ఇంటిపైన గొట్టానికి వాన పడకుండా గాలి పోయే టోపీ పెట్టించండి.

3. అది దేనితో చేసిందో తెలుసుకోండి

రంగు పూతల కింద ఇనుమా, చెక్కా, రాయా? ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం తెచ్చి పెట్టండి. అతుక్కుంటే పోత ఇనుము. అతుక్కోక, వేలితో తడితే డొల్లగా మోగితే చెక్క. ముట్టుకుంటే చల్లగా, బరువైన చప్పుడు చేస్తే రాయి.

రాయిలోనూ తిరకాసు ఉంది. చలువరాయిలా కనిపించేవాటిలో కొన్ని నిజానికి నల్ల పలకరాయి మీద చలువరాయి గీతల్లాగా రంగు వేసి, కాల్చి, మెరుగుపెట్టినవి. వాటిమీద రంగు తీసే కెమికల్ పోస్తే పాత రంగుతో పాటు ఆ పనితనం కూడా లేచిపోతుంది. ఎవరికీ కనబడని మూలలో రూపాయి బిళ్లంత చోట ముందు పరీక్షించండి.

పాత రంగు గురించి ఒక హెచ్చరిక. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకంటే పాత పూత ఏదైనా సరే అందులో సీసం ఉందనే అనుకుని పని చేయండి. పొడి గరుకు కాగితంతో రుద్దొద్దు, హీట్ గన్‌తో మాడ్చొద్దు. ఆ ధూళి పిల్లలకు, గర్భిణులకు విషం. పైన పూసి ప్లాస్టిక్ కప్పి వదిలేసే ముద్దలాంటి రిమూవర్లు దొరుకుతాయి, రంగు తడిగానే ఊడి వస్తుంది. నెమ్మదైన పనే, కానీ ధూళి లేవదు.

అసలు రంగు తీయాలా అని కూడా అడగాలి. ఇనుముకి తీస్తే అందం. పైన్ లాంటి మెత్తటి చెక్క చట్రాలకు మాత్రం మొదటి రోజు నుంచే రంగు ఉండేది. వాటిని తోమి పచ్చి చెక్క చూపించడం తర్వాత వచ్చిన ఫ్యాషన్. కాబట్టి పూత గట్టిగా ఉంటే దానిమీదే కొత్తది వేసేయండి.

4. ఇనుము, టైల్స్, రాయి: దేని స్నానం దానిది

పోత ఇనుముకి నీళ్లు తగిలాయంటే గంటలో నారింజరంగు తుప్పు తేలుతుంది. వైర్ బ్రష్‌తో పొడిగానే తుప్పు రాల్చండి. పువ్వుల చెక్కడాల సందుల్లోకి పాత టూత్‌బ్రష్ వెళ్తుంది. మిగిలిన తుప్పుని సన్నటి స్టీల్ ఊల్‌కి కాస్త నూనె అద్ది రుద్ది, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి.

ఇప్పుడు రెండు దారులు. ఒకటి గ్రాఫైట్ కలిసిన నల్ల పాలిష్. గుడ్డతో చాలా పల్చగా పట్టించి, కాసేపు ఆరనిచ్చి, బూట్ల బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. నలుపులో వెండి ఛాయ తేలుతుంది, చెక్కడాలన్నీ లేచి కనిపిస్తాయి. రెండోది వేడికి తట్టుకునే మ్యాట్ నలుపు పెయింట్. పని సులువు, చేతికి అంటదు, కానీ కొంచెం చదునుగా, ప్లాస్టిక్‌లా అనిపిస్తుంది. పసిపిల్లలు పట్టుకుని నిలబడే ఇంట్లో పెయింటే మంచిది, ఎందుకంటే పాలిష్ ఎంత రుద్దినా కొద్దిగా చేతికి వస్తుంది. గోడకి వేసే నీళ్ల పెయింట్ మాత్రం ఇనుము మీద నేరుగా వేయకండి. అందులోని నీటికే లోపల తుప్పు మొదలై గోధుమరంగు మచ్చలు పైకి తన్నుకొస్తాయి. తెల్లగానో లేతరంగుగానో కావాలంటే ముందు లోహపు ప్రైమర్ వేసి, ఆపైన ఆయిల్ పెయింట్ వేయండి. మంట పెట్టని ఫైర్‌ప్లేస్‌కే ఇది.

రెండు పక్కలా టైల్స్ ఉంటే గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. స్టీల్ ఊల్ తాకనివ్వకండి, బొమ్మ గీరుకుపోతుంది. మెరుపు పొర మీద వెంట్రుకల్లాంటి నెర్రెలు వయసు వల్ల వచ్చినవి, లోపం కాదు. ఒక టైల్ పోయిందనుకోండి, ఈ సంగతి గుర్తుంచుకోండి: పాత బ్రిటిష్ టైల్స్ 6 అంగుళాల చదరాలు, అంటే సుమారు 152 మిల్లీమీటర్లు. కొత్తవి చాలావరకు 150 మిల్లీమీటర్లు. తేడా 2 మిల్లీమీటర్లే అయినా ఐదు టైల్స్ నిలువు వరసలో సెంటీమీటరు ఖాళీ కనిపిస్తుంది. పాతసామాను కొట్టులో పాత టైలే వెతకండి. దొరక్కపోతే బొమ్మని అనుకరించిన నకిలీ కంటే అదే వన్నెలో సాదా టైల్ పెట్టడం మర్యాదగా ఉంటుంది.

చలువరాయికి నిమ్మరసం, వెనిగర్, బాత్రూమ్ ఆమ్లాలు ఏవీ తగలకూడదు. ఆమ్లం రాతిని తినేసి మెరుపు చచ్చిపోతుంది. సబ్బునీళ్లతో తుడిచి వెంటనే ఆరబెట్టండి, అంతే. పలకరాయికి మాత్రం చివర్లో పల్చగా నూనె రాస్తే రంగు చిక్కబడుతుంది.

5. మంచం ఎటు?

నేల మీద పాత పేపర్లు మంచం కొలతకి పరిచి చూడండి. ఫోన్‌లో గీసే ప్లాన్లకంటే ఇది నమ్మకం.

అన్నిటికంటే మంచి చోటు ఫైర్‌ప్లేస్‌కి ఎదురుగోడ. పడుకుంటే అది కళ్ల ముందుంటుంది, కాళ్లవైపు నడవడానికి 75 నుంచి 90 సెంటీమీటర్లు మిగిలితే సరిపోతుంది. గది ఇరుకైతే మంచాన్ని పక్కగోడకి వేయండి, ఫైర్‌ప్లేస్ ఒక పక్కన ఉంటుంది. చేయకూడనిది ఫైర్‌ప్లేస్‌కే తలవైపు ఆనించడం. హెడ్‌బోర్డ్ దాన్ని మింగేస్తుంది, చిమ్నీలో చల్లగాలి నెత్తిమీద. కాళ్లవైపు ఎత్తయిన చెక్క ఉన్న మంచం కూడా ఈ గదికి నప్పదు. పలక ఉన్న చోటు నుంచి మాంటెల్ దాకా ఒకే చూపులో కనబడాలి.

6. పక్క గూళ్లు

చిమ్నీ ఉన్న గోడ గదిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది కదా, దానికి అటూ ఇటూ రెండు గూళ్లలాంటి చోట్లు మిగులుతాయి. అందరికీ అక్కడ వార్డ్‌రోబ్ కట్టాలని బుద్ధి పుడుతుంది. కొలిచి చూడండి. ఆ గూళ్ల లోతు చాలా ఇళ్లలో 30–40 సెంటీమీటర్లే. బట్టలు హ్యాంగర్‌కి అడ్డంగా వేలాడాలంటే తలుపుతో కలిపి 55–60 కావాలి. అంత లోతు కట్టిస్తే వార్డ్‌రోబ్‌లు చిమ్నీ గోడని దాటి ముందుకొస్తాయి, ఫైర్‌ప్లేస్ గోతిలో పడ్డట్టు ఉంటుంది.

దీనికి దారి ఉంది. బట్టలు మనకు ఎదురుగా తిరిగి ఒకదాని వెనక ఒకటి వేలాడేలా లోపలి నుంచి ముందుకు లాగే రాడ్ పెట్టిస్తే తక్కువ లోతులో సరిపోతుంది. తక్కువ బట్టలే పడతాయి, అదొక్కటే ఇబ్బంది. నేనైతే కింద సొరుగులు, పైన ఖాళీ గోడ ఇష్టపడతాను. సొరుగుల పైభాగం మాంటెల్ ఎత్తుకు సమానంగానో, కనీసం ఒక జానెడు తక్కువగానో ఉండాలి. రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉంటే మాత్రం అది పొరపాటులాగే కనిపిస్తుంది.

పాత గోడలు నిటారుగా ఉండవు. వెడల్పుని కింద, మధ్య, పైన మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువదాన్ని వడ్రంగికి ఇవ్వండి. కొత్త ప్లగ్ పాయింట్లు, గోడ దీపాల వైర్లు కూడా రంగుకి ముందే, ఈ దశలోనే లాగించండి.

7. రంగు, వాల్‌పేపర్

నల్లటి ఇనుము ఏ రంగు పక్కనైనా నిలబడుతుంది. చిమ్నీ గోడ ఒక్కదానికే ముదురు రంగు వేసి మిగతా మూడూ తెల్లగా వదిలే పద్ధతి నాకు నచ్చదు. గోడ గదిలోకి మరింత పొడుచుకొచ్చినట్టుంటుంది. రెండు గూళ్లతో సహా ఆ వరసంతా ఒకే రంగు వేస్తే ప్రశాంతంగా ఉంటుంది. టైల్స్ మీద బొమ్మలుంటే అందులో అతి తక్కువగా కనిపించే రంగుని పట్టుకుని, దాని లేత ఛాయ గోడకి వేయండి. చిమ్నీ గోడకి పాత సున్నపు గిలాబా ఉంటే గాలి ఆడే పెయింటే వాడాలి. ప్లాస్టిక్‌లా పొర కట్టే పెయింట్ చెమ్మని లోపలే బంధించి పొక్కులు లేపుతుంది.

వాల్‌పేపర్ అంటిస్తే మూల నుంచి మొదలెట్టకండి, చిమ్నీ గోడ మధ్య నుంచి మొదలెట్టండి. కళ్లు వెళ్లేది అక్కడికే. ఒక చుట్ట వెడల్పు సాధారణంగా 53 సెంటీమీటర్లు. గోడ 140 ఉందనుకుందాం. సరిగ్గా మధ్యలో ఒక పట్టీ వేస్తే అటూ ఇటూ 43.5 చొప్పున మిగులుతుంది, బాగుంటుంది. అదే మధ్యలో అతుకు వచ్చేలా రెండు పట్టీలు వేస్తే అంచుల్లో 17 సెంటీమీటర్ల పీలికలు మిగులుతాయి. మీ గోడకి రెండు లెక్కలూ వేసి చూసి, అంచుల్లో వెడల్పు ఎక్కువ మిగిలేదే ఎంచుకోండి.

8. మాంటెల్, దానిపైన

పడకగది మాంటెల్ ఇరుకు, చాలాసార్లు జానెడు కూడా ఉండదు. మూడు వస్తువులు దాటితే సామాన్ల అరలా తయారవుతుంది. ఒక ఎత్తయినది, ఒక పొట్టిది, ఒకటి గుండ్రంగా. అన్నీ ఒక పక్కకి జరిపి రెండో పక్క ఖాళీగా వదలండి.

పైన అద్దం పెట్టేటట్టయితే మాంటెల్ వెడల్పులో మూడింట రెండొంతులు ఉంటే కంటికి ఇంపుగా ఉంటుంది. 110 సెంటీమీటర్ల మాంటెల్‌కి 70–80 అన్నమాట. బరువైనది తగిలించేముందు ఒక విషయం: చిమ్నీ గోడ ముందుభాగం తరచుగా ఒక్క ఇటుక అడ్డంగా పేర్చినంతే, అంటే సుమారు 10 సెంటీమీటర్ల మందం, ఆ వెనక పొగదారి. 5–6 సెంటీమీటర్లకు మించి డ్రిల్ చేయకండి, సున్నపు అతుకులో కాకుండా ఇటుకలోనే స్క్రూ ప్లగ్ బిగించండి. టీవీ పెట్టడానికి ఈ చోటు వద్దు. మెడ నొప్పి సంగతి అటుంచి, ఆ నల్ల తెర కింద ఎంత మంచి ఫైర్‌ప్లేసైనా వెలవెలబోతుంది.

9. ఖాళీ నోరు

ఇక మిగిలింది మంట ఉండాల్సిన గుంట. దాని పక్కగోడలు వెనక్కి వెళ్లేకొద్దీ దగ్గరికొస్తాయి. 1790ల్లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త, వేడిని గదిలోకి తిప్పికొట్టడానికి గుంటని లోతు తక్కువగా, పక్కల్ని ఏటవాలుగా కట్టమని చెప్పిన దగ్గర్నుంచి ఆ రూపం పాకింది. అందువల్ల చదరంగా ఉన్న బుట్ట, పెట్టె లోపలికి సరిగా పోవు. గుండ్రటివి, సన్నగా నిలువుగా ఉన్నవి ఎంచుకోండి.

పుస్తకాలు పేర్చిన ఫొటోలు అందంగానే ఉంటాయి, కానీ చెమ్మకి, మసికి అవి పాడవుతాయి. మొక్కలకి అక్కడ వెలుతురు చాలదు. ఎండిన కొమ్మలు, బెరడుతో ఉన్న దుంగలు (మండించని చోటే సుమా), గాజు కూజా నిండా సన్నటి ఎల్‌ఈడీ దీపాలు, ఇవి నిలుస్తాయి. కొవ్వొత్తులు పెడితే పడుకునేముందు ఆర్పడం గుర్తుండే మనుషులైతేనే పెట్టండి. పద్దెనిమిదో శతాబ్దంలో ఎండాకాలం ఈ నోటిని బొమ్మలు వేసిన చెక్కపలకతో మూసేవారు. ఇప్పటికీ అది చక్కటి ఆలోచనే: కొలతకి ప్లైవుడ్ కోయించి, మిగిలిన వాల్‌పేపర్ అంటించి, కింద రెండు వేళ్ల సందు వదిలి నిలబెట్టండి. గాలీ ఆడుతుంది, మసీ కనబడదు.

రగ్గు పలక అంచు దగ్గరే ఆగాలి, పలక మీదికి ఎక్కకూడదు. పక్క నుంచి పడే చిన్న దీపం వేస్తే ఇనుము మీది చెక్కడాలకి నీడలు వస్తాయి. నడినెత్తిన ఉన్న లైటు అవన్నీ చదును చేసేస్తుంది.

చివరి పని చిన్నదే. చిమ్నీలో గాలి సంచో ఉన్ని అడ్డో పెట్టినట్టయితే, దానికి దారం కట్టి, ఆ దారానికి "లోపల మూసి ఉంది, వెలిగించకండి" అని రాసిన చీటీ వేలాడదీయండి. మీరు లేనప్పుడు వచ్చిన చుట్టమో, రేపు ఆ ఇల్లు కొనుక్కున్నవాళ్లో ముచ్చటపడి నిప్పు పెట్టొచ్చు. సంవత్సరానికి రెండుసార్లు ఆ అడ్డు తీసి, రాలిన మసి ఎత్తి, మళ్లీ పెట్టండి. అప్పుడే అగరొత్తి పరీక్ష కూడా ఇంకోసారి చేయండి.